హాన్‌బ్యోల్ పాడే చోటు

యోంగిన్ కొండలు,
మార్చి 9

పిన్నీ,

నువ్వు ఈ ఉత్తరం విప్పేసరికి నీ చేతికి ఎవరి జుట్టు రంగో అంటుకుని ఉంటుంది. ముందు చెయ్యి కడుక్కో. తర్వాత ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చో. ఇది అమ్మకి చెప్పకూడని ఉత్తరం.

నేను బాగానే ఉన్నాను. కాలేజీ పరీక్ష రెండోసారి రాసేవాళ్ళ హాస్టలంటే జైలని అందరూ భయపెట్టారు గానీ మరీ అంత లేదు. జైల్లో పాటలైనా వేస్తారట. ఇక్కడ కూనిరాగం తీసినా చెడ్డ మార్కు వేస్తారు. నిన్న నా పక్క మంచం పిల్ల మెట్లు దిగుతూ ఏదో గొణుక్కుందని వార్డెనమ్మ, "ఏం పిల్లా, చదువుకొచ్చావా, పెళ్ళికొచ్చావా?" అని అందరి ముందూ దులిపేసింది. ఫోన్లు మొదటి రోజే తీసుకుని, ఇక పరీక్ష అయ్యాకే ఇస్తామని తాళం వేసేశారు.

చేరే ముందు అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. పరీక్ష అయ్యేదాకా ఒక్క పాట కూడా నా చెవిన పడకూడదు. నెలకోసారి ఇంటికి వెళ్ళినప్పుడు కూడా. సరేనన్నాను. కాకపోతే ఒట్టు చెవుల గురించే వేశాను. కళ్ళ గురించి అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.

అక్కడే నువ్వు కావాలి. వచ్చే నెలలో దల్మురి కొత్త ఆల్బమ్ వస్తోంది. నీ పార్లర్ గోడ మీద నేను అంటించిన బొమ్మలో ఐదుగురు కుర్రాళ్ళు, నువ్వు "ఈ గడ్డాల్లేని పెళ్ళికొడుకులెవరే?" అన్నావే, వాళ్ళే. నువ్వు విని నాకు రాయాలి. పేపర్లో వాళ్ళేమన్నారు, వీళ్ళేమన్నారు అన్నది వద్దు. నీ చెవికి ఏం వినపడిందో అది రాయి.

ముఖ్యంగా ఒక చోటు. దల్మురి పాడే ప్రతి పెద్ద పాటలోనూ చివరి పల్లవికి ముందు అన్ని వాద్యాలూ తగ్గిపోతాయి. అక్కడ హాన్‌బ్యోల్ ఒక్కడే పాడతాడు. మొదటి పాట నుంచీ అంతే. "మూడో అంతస్తు వాన"లో అతని వాక్యం ఎంత పొడుగంటే మామూలువాళ్ళకి మధ్యలో మూడు చోట్ల ఊపిరి కావాలి, అతనికి ఒక్కటి చాలు. పైకి వెళ్ళేకొద్దీ అందరూ గొంతు పెంచుతారు, అతను సన్నం చేస్తాడు. తెగిపోతుందనుకుంటాం, తెగదు.

నీకొక్కదానికే చెబుతున్నాను. పోయినేడు ఇంగ్లిష్ విని రాసే పరీక్షలో ఏమైందో అమ్మకి తెలీదు. ఆకాశంలో విమానాలు కూడా ఆపేసేంత నిశ్శబ్దంలో స్పీకర్‌లో ఎవరో మాట్లాడటం మొదలెట్టారు. నాకు నా గుండె చప్పుడే వినపడింది, వాళ్ళ మాట వినపడలేదు. అమ్మ నేను చదవలేదనుకుంది. చదివాను పిన్నీ. ఇప్పుడు గుండె అలా మొదలైతే, హాన్‌బ్యోల్ వాక్యాన్ని లోపల నడిపించుకుంటూ అతనితో పాటే ఊపిరి వదులుతాను. అతను వాక్యం ముగించేసరికి నా గుండె చప్పుడు తగ్గుతుంది. నా దగ్గరున్న మందు అదొక్కటే.

కానీ పోయిన శీతాకాలం అతని గొంతుకి ఆపరేషన్ చేశారు. "విశ్రాంతి" అని ఒక్క ముక్క చెప్పి వాళ్ళ కంపెనీ ఊరుకుంది. తర్వాతేమైందో తెలియకుండానే నేను ఇక్కడికొచ్చి పడ్డాను. ఆ వాక్యం తలుచుకున్నప్పుడల్లా, అసలు ఆ గొంతు ఇంకా ఉందా అని భయం కూడా వస్తోంది. మందులోనే భయం కలిస్తే ఇంకేం తాగను? కొత్త పాటలో అతని చోట ఏం వినపడిందో రాయి. నవంబర్లో మళ్ళీ ఆ గదిలో కూర్చోవాలి నేను.

నీ నమ్మకద్రోహం మీదే ఆశ పెట్టుకున్న
నారిమ్


థోంగ్‌యోంగ్,
ఏప్రిల్ 22

నా దొంగపిల్లకి,

చేతులు కడుక్కున్నాను. కళ్ళ గురించి అమ్మ అడగలేదట! నిన్ను డాక్టరు చెయ్యాలని మా అక్క తాపత్రయపడుతోంది గానీ నువ్వు లాయరువి కావడానికే పుట్టావు. అక్కకి తెలిస్తే ముందు నా జుట్టు పీకుతుంది, అదీ సంగతి. అయినా నువ్వడిగాక కాదనే గుండె నాకెప్పుడుంది గనక.

దల్మురి టీవీలో వచ్చారు. ఆ టైముకి పార్లర్లో ముగ్గురున్నారు. అందులో ఆలుచిప్పలు ఒలిచే చిల్సూన్ అవ్వ ఒకతె, తలనిండా చుట్లు పెట్టించుకుని, పైన ప్లాస్టిక్ సంచీ కట్టించుకుని కూర్చుంది. నేను ఛానెల్ మార్చగానే, "పాటంటే ఏడిపించాలే మిరాన్. వీళ్ళు గెంతుతున్నారేంటి?" అంది. నోరు మూసుకుని వినమన్నాను. ఆవిడ నోరు మూసుకోలేదనుకో, కానీ విన్నది.

పాట పేరు "వంతెన అవతల". మొదట ఒకే ఒక తీగె మోగుతుంది, దాని వెనక ఎక్కడో పక్కగదిలో కుట్టుమిషన్ నడుస్తున్నట్టు చిన్న చప్పుడు. దాని మీద మొదటివాడు పాట అందుకున్నాడు. అందుకోవడమేంటి, మాట్లాడాడు. టీవీ ఆ గోడకుంది, నేను ఈ మూలనున్నాను, అయినా ఆ పిల్లాడు నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినట్టుంది. అంత మెల్లగా పాడేవాణ్ణి అంత దగ్గరగా ఎలా వినిపిస్తారే? నేను చూసిన పాటకచేరీల్లో మెల్లగా పాడినవాడు రెండో వరసకే వినపడేవాడు కాదు.

పల్లవి వస్తుందనుకున్న చోట రాదు. ఒక్క క్షణం ఆగి, మనం ఓహో ఇంతేనా అనుకునేలోపు డ్రమ్ములన్నీ ఒక్కసారి పడతాయి. చిల్సూన్ అవ్వ "ఓర్నాయనో" అని గుండె పట్టుకుంది. ఆ తర్వాత ఆవిడ కాలు ఆడిస్తూనే ఉంది, నేను చూశాను.

అన్నిటికంటే నాకు నచ్చిందేంటో తెలుసా? ఆడపిల్లల గొంతులు. పాటలో మధ్యమధ్య వందలమంది ఆడపిల్లలు కలిసి అరుస్తారు. మొదట్లో ఐదుగురి పేర్లూ వరసగా చదువుతారు, తర్వాత వాక్యానికీ వాక్యానికీ మధ్య సందు దొరికితే చాలు, ఒక్క మాట అందిస్తారు. ఒక్కరూ ముందు కారు, వెనక కారు. పాట కట్టినవాడెవడో గానీ వాడి బుర్రకి దండం పెట్టాలి. నువ్వు చెప్పిన చోట అన్నీ తగ్గిపోయాక ఆ పిల్లలందరూ ఒక్క గొంతుతో "యోమ్! హాన్! బ్యోల్!" అన్నారు. నా చేతిమీద రోమాలు లేచాయి. తర్వాతేం జరిగిందో చెప్పలేను. వాళ్ళు అరుస్తూనే ఉన్నారు, ఇక్కడ డ్రయ్యరు మోగుతోంది, పైగా అవ్వ "నా తల మాడుతోంది" అని మొదలెట్టింది. ఇంతలో చివరి పల్లవి వచ్చేసింది.

ఐదుగురిలో ఎవరెవరో నాకు తెలీదు. నువ్వు గోడకంటించిన బొమ్మలో ఎర్రజుట్టువాడు ఇప్పుడు నల్లజుట్టువాడయ్యాడో, వేరేవాడో. నేను మనుషుల్ని జుట్టుతో గుర్తుపట్టేదాన్ని, వీళ్ళు జుట్టు మారిస్తే నేనేం చెయ్యను?

ఎండు నెత్తళ్ళు పంపుతున్నాను. అవి నములుతూ చదువు, మెదడుకి మంచిదట.

నీ చెవి,
మిరాన్ పిన్ని


యోంగిన్,
మే 6

పిన్నీ పిన్నీ పిన్నీ,

నీ ఉత్తరం స్నానాలగదిలో నిలబడి చదివాను. నవ్వాపుకోలేక నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. ఆ ఆడపిల్లలు పాటలోవాళ్ళు కారు! వాళ్ళు మేమే. అభిమానులం. కొత్త పాట రాగానే ఎక్కడ ఏ మాట అరవాలో ముందే నేర్చుకుని, స్టూడియోకి వెళ్ళి, కింద నిలబడి అరుస్తాం. నేనూ రెండుసార్లు వెళ్ళి గొంతు పోగొట్టుకుని వచ్చాను, అమ్మకి జలుబని చెప్పాను. పాట కట్టినవాడికి పెట్టిన దండం వెనక్కి తీసుకుని మాకు పెట్టు.

కానీ నువ్వు తెలియకుండానే నాకు ఎంత మంచి కబురు పంపావో! ఒకరి పేరు అరిచేది వాళ్ళ వంతు రాబోతుంటేనే. ఆ చోట అతని పేరు అరిచారంటే అతను వచ్చాడు. స్టేజీ మీదున్నాడు. పాడాడు. నువ్వు చూస్తూ చూస్తూ పిన్నీ, డ్రయ్యర్ చప్పుడులో హాన్‌బ్యోల్‌ని పోగొట్టుకున్నావు! చిల్సూన్ అవ్వ తల ఇంకొక్క నిమిషం మాడితే కొంపలు మునిగేవా?

ఆ రాత్రి నుంచి హాయిగా నిద్రపోతున్నాను. వారం చివరి పరీక్షలో ఇంగ్లిష్ వినడంలో రెండే ప్రశ్నలు పోయాయి. గుండె మొదలైంది, నేను అతని వాక్యం మొదలెట్టాను, అది తెగకుండా నిలిచింది.

ఇప్పుడు నాకు ఇంకా కావాలి. ఆల్బమ్ కొనుక్కుని రికార్డులో విను, అందులో మా అరుపులుండవు. అతని గొంతు ఎలా ఉందో రాయి. సన్నగానే ఉందా? వాక్యం చివర తాడు వదిలినట్టు వదులుతాడా, ముడి వేసినట్టు ఆపుతాడా? పక్కనున్న గొంతులేం చేస్తున్నాయి? నువ్వు "చెవి దగ్గర నోరు" అన్నావే, అది సియో. అతని పాట మీద ఏ గొంతూ కలపరు, గదిలో మోత కూడా తీసేస్తారు, అందుకే అంత దగ్గరగా ఉంటాడు. నువ్వు ఒక్కసారి విని అది పట్టేశావు! పల్లవి ఆపి వేశారన్నావే, అది చదివి పుస్తకం కింద చేత్తో తాళం వేసుకున్నాను.

ప్రపంచంలో అందరికంటే సంతోషంగా ఉన్న ఖైదీ,
నారిమ్


థోంగ్‌యోంగ్,
జూన్ 2

అమ్మడూ,

ఆల్బమ్ కొన్నాను. రేవు పక్క దుకాణంలో పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మీ అమ్మాయికా అండీ?" అంది. నాకేనన్నాను. అబద్ధం చెప్పానని మొదట అనుకున్నాను, రెండు రోజులయ్యాక అది నిజమే అయింది.

ఏం కట్టారే పాటల్ని! నేను ఇరవయ్యేళ్ళుగా పార్లర్లో రేడియో పెట్టుకుని బతుకుతున్నాను, పాట అంటే ముందు మనిషి, వెనక వాద్యాలు అనుకునేదాన్ని. వీళ్ళ పాటలో వెనకాముందూ లేవు. రెండో పాటలో వాన చప్పుడనుకున్నాను, తర్వాత తెలిసింది, ఒక పిల్లాడు గుసగుసగా ఏదో అంటుంటే దాన్నే ముక్కలు చేసి చల్లారు. నాలుగో పాటలో ఒకడే తన గొంతుకి తనే వంతపాడుకుంటాడు. ఎన్నో గొంతులున్నా ఏదీ దేనికీ అడ్డు పడదు. బేస్ మోగేటప్పుడు నా దువ్వెనల డబ్బా సన్నగా వణుకుతుంది. దాన్ని పక్కకి జరపాలని బుద్ధి పుట్టలేదు.

"వంతెన అవతల" మీ అరుపులు లేకుండా విన్నప్పుడు మొదట దిగులేసింది. సంతకి వెళ్తే మనుషులు లేనట్టు. రెండోసారికి అలవాటైంది.

ఇక నీ చోటు. అన్నీ తగ్గుతాయి. కుట్టుమిషన్ చప్పుడొక్కటే ఉంటుంది. నా స్పీకరు పాతది, దానికి తోడు డ్రయ్యర్లు, అక్కడ కాసేపు నాకేం వినపడలేదు. స్పీకరు తీగె ఊడిందేమోనని వెళ్ళి కదిపి కూడా వచ్చాను. తర్వాత అతను వచ్చాడు. ఏం గొంతే! లావుగా, కిందగా, వెచ్చగా ఉంది. పైకి వెళ్ళాలని తొందరే లేదు. కడుపునిండా అన్నం తిన్నవాడు పాడినట్టుంది. చిల్సూన్ అవ్వ కూడా, "వీడు బాగున్నాడే. వీడికి మా మనవరాలిని ఇవ్వొచ్చు," అంది. ఆపరేషన్ అయిన గొంతంటే ఎవరూ నమ్మరు. నువ్విక గుండె మీద చెయ్యేసుకుని చదువుకో.

ఆల్బమ్‌లో ఒక ఫొటో కార్డు వచ్చింది. నీకోసం దాచాను. జుట్టు బూడిదరంగు, కుదుళ్ళ దగ్గర రంగు వేసినవాడికి పనితనం లేదు, అది మాత్రం చెప్పాలి.

నీ చెవి, ఇప్పుడు తనకోసం కూడా వింటున్న
మిరాన్ పిన్ని


యోంగిన్,
జూన్ 27

పిన్నీ,

లావుగానా? కిందగానా?

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా అవే మాటలున్నాయి. హాన్‌బ్యోల్ గొంతు లావు కాదు. అతను కింద పాడడు, పాడలేడు. అతన్ని కోసి ఏం చేశారు వాళ్ళు? అవ్వకి నచ్చిందట. ఎవరికి కావాలి అవ్వకి నచ్చడం? కోపంగా రాస్తున్నానని తెలుసు, కానీ కొట్టెయ్యను.

పెద్ద నమూనా పరీక్ష అయింది. ఇంగ్లిష్ మొదలవగానే గుండె మొదలైంది. అతని వాక్యం వెతుక్కున్నాను. మొదలెట్టగానే నువ్వు చెప్పిన ఆ లావు గొంతు అడ్డమొచ్చింది. ఎంత తోసినా పోలేదు. ఆ తర్వాత కాగితం ఖాళీగానే ఇచ్చేశాను. ఇన్‌చార్జి సారు అమ్మకి ఫోన్ చేశారు. అమ్మ నన్నడిగితే కడుపునొప్పి అన్నాను.

నాకు నిజం చెప్పు. నేను తట్టుకోలేనని నువ్వు అబద్ధం రాసినా సరే, ఇప్పుడైనా నిజం చెప్పు. అతని గొంతు ఉందా, లేదా?

నారిమ్


థోంగ్‌యోంగ్,
జూలై 14

నారిమ్ తల్లీ,

నీ ఉత్తరమూ మీ అమ్మ ఫోనూ ఒకే రోజు వచ్చాయి. ఎవరో ఇన్‌చార్జి నీ డెస్కులో నా ఉత్తరాలు చూశాడట. మా అక్క హేరాన్ కోపం నీకు తెలుసు గదా.

"ఏం రాశావే నువ్వు దానికి? పాటలా? ఇంత వయసొచ్చి నీకు బుద్ధుండక్కర్లా?"

"అది అడిగిందక్కా."

"అది విషం అడిగితే ఇస్తావా? విను. ఆ కుర్రాడి సంగతి నేను కనుక్కున్నాను. అది నవంబర్‌దాకా దానికి తెలియకూడదు. ఒక్క అక్షరం రాశావంటే నా గడప తొక్కకు."

ఏ సంగతి అని అడిగేలోపే ఫోన్ పెట్టేసింది. ఆ సంగతేమిటో తెలుసుకోడానికి నేను ఎక్కడికీ వెళ్ళనక్కర్లేకపోయింది. తపాలాఫీసులో పనిచేసే బోఖీ జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడూ నవ్వని మనిషి. "వంతెన అవతల" వేయగానే ఆ చోట అద్దంలో చూస్తూ పెదవులు కదిపింది. "యోమ్ హాన్ బ్యోల్" అని. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. బ్యాగులో మీ అభిమానులు ఊపే దీపపు కర్ర కూడా ఉంది దాని దగ్గర!

"బోఖీ, ఈ లావు గొంతేగా అతనిది?" అన్నాను.

"కాదక్కా. అది జేహా. హాన్‌బ్యోల్ ఈ ఆల్బమ్‌లో లేడు."

"మరి పేరెందుకు పిలుస్తారే?"

"లేడు కాబట్టే," అంది.

ఫోన్లో వాళ్ళ స్టేజీ చూపించింది. నేను మొదటిసారి మనుషుల్ని లెక్కపెట్టాను. నలుగురే ఉన్నారు. ఆ చోటు రాగానే నలుగురూ పక్కకి జరిగి మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలారు. ఆ జాగా మీద దీపం వేశారు. ఎవరూ పాడలేదు. కింద పిల్లలు పేరు పిలిచారు. తర్వాత జేహా చివరి పల్లవి అందుకున్నాడు.

చిల్సూన్ అవ్వ కూడా డ్రయ్యర్లోంచి తల బయటపెట్టి చూసింది. "అంతమంది పిలుస్తుంటే పలకడేంటే ఆ పిల్లాడు?" అంది. "పలకలేడు అవ్వా. గొంతు ఇంకా మానలేదు. అందుకే పిలుస్తున్నాం," అంది బోఖీ, ఆ రాతిమొహం కళ్ళు తుడుచుకుంటూ. మళ్ళీ పాడతాడో లేదో డాక్టర్లకీ తెలీదట. ఇదీ మీ అమ్మ నీకు చెప్పొద్దన్న సంగతి. చెప్పేశాను. నేను నీ చెవినన్నాను గదా, చెవి అబద్ధమాడితే ఇక దేన్ని నమ్ముతావు? లావు గొంతు అతనిదని రాసింది నా అజ్ఞానం. అతని గొంతు పాడవలేదు. ఆ ఆల్బమ్‌లో అది లేదు, అంతే.

ఇప్పుడు నీకో మాట చెప్పాలి. అప్పటి నుంచి ఆ పాట చాలాసార్లు విన్నాను. ఆ చోటు నలుగురిలో ఎవరైనా పాడేయొచ్చు. సియో ఉన్నాడు, జేహా ఉన్నాడు, డబ్బుకి పాడేవాళ్ళు ఊరంతా ఉన్నారు. నా దగ్గర పనిచేసే పిల్ల మానేస్తే ఆ సాయంత్రమే దాని గిరాకీలు నేను తీసుకున్నాను, వ్యాపారమంటే అదే అనుకున్నాను. వీళ్ళు తీసుకోలేదు. పాట కట్టినవాడు ఆ జాగా కింద తాళం ఆపలేదు, చూశావా? పాట ఆగిపోలేదు, ఏడవలేదు, పరుగెత్తి దాటేయలేదు. మెల్లగా నడుస్తూ అతని వంతు పూర్తయ్యేదాకా ఉంది. తర్వాతే జేహా వచ్చాడు, అదీ కిందనుంచి, అతను పాడే ఎత్తు జోలికే పోకుండా. నాకు ఆ ఆల్బమ్ మొత్తంలో అంతకంటే నచ్చిన చోటు లేదు. మొదట తీగె ఊడిందనుకున్నదే అది.

నీకు కోపమొస్తే రానీ. చదువు మాత్రం మానకు.

మీ అమ్మ గడప తొక్కలేని
మిరాన్ పిన్ని


యోంగిన్,
ఆగస్టు 30

పిన్నికి,

నీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను. అమ్మ మీద కోపం లేదు, నీ మీద అసలే లేదు. చాలా ఏడ్చాను, వార్డెనమ్మ కూడా ఏమీ అనలేదు, వెళ్ళి కాసేపు పడుకోమంది.

పాటల గురించి ఇక రాయకు. నా దగ్గర ఇప్పుడు ఆ వాక్యం లేదు. మొదలెడితే అతనికి నొప్పి పుడుతుందేమో అనిపిస్తుంది. వేరే ఏదైనా వెతుక్కోవాలి. దొరకలేదు ఇంకా.

నారిమ్


థోంగ్‌యోంగ్,
నవంబర్ 5

తల్లీ,

పాటల గురించి రాయను. టీవీలో ఏమీ రాలేదు. వచ్చినా నేను వినలేదు. విన్నా చెప్పను.

జిగురుబియ్యం ముద్దలు పంపుతున్నాను, అవి తింటే సీటుకి అంటుకుపోతావని చిల్సూన్ అవ్వ తన చేత్తో దంచింది. పరీక్షరోజు సముద్రపు నాచు చారు ఎవరు పోసినా తాగకు, జారిపోతావు. వేడి నీళ్ళు తాగు. లోపల మందపు బనీను వేసుకో, ఆ రోజు ఎప్పుడూ చలే.

మీ అమ్మ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. "అది పోయినేడు చదివే రాసిందటే. నాకు మొన్న చెప్పింది," అంది. తర్వాత నన్ను తిట్టలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు.

భయమేస్తే వెయ్యనీ తల్లీ. నీకు నేనున్నాను.

పిన్ని


సువన్,
నవంబర్ 24

పిన్నీ,

ఫోన్ చేతికొచ్చేసింది, నీకు ఫోనే చెయ్యొచ్చు. కానీ ఇది నీకు రాసే చెప్పాలి.

పరీక్ష అయింది. మార్కులు వచ్చే నెలలో. ఎలా రాశానో అమ్మ అడగలేదు, గేటు దగ్గర నన్ను చూసి నా సంచీ తీసుకుని భుజాన వేసుకుంది, అంతే.

ఇంగ్లిష్ మధ్యాహ్నం భోజనం తర్వాత. గదంతా ఆగిపోయింది. స్పీకర్లో గొంతు మొదలైంది, నా గుండె మొదలైంది. నా దగ్గర పాడించుకోడానికి ఏమీ లేదు. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది, ఆ నలుగురూ ఆ చోట ఏం చేశారో. పరుగెత్తలేదు, ఆపెయ్యలేదు. నేనూ అలాగే ఉన్నాను. పెన్సిల్ కింద పెట్టాను. ఒక్క ఊపిరి పీల్చి, దాని మీద ఏ పాటా పెట్టకుండా ఊరికే వదిలాను. మొదటి ప్రశ్న పోయింది. పోతే పోయింది, దాని వెనక పరుగెత్తలేదు. రెండో ప్రశ్నలో ఆడమనిషి, రైలు ఎన్నింటికి అని అడగడం స్పష్టంగా వినపడింది. అక్కణ్ణుంచి చివరిదాకా విన్నాను పిన్నీ. ఒక్క మాట పోలేదు.

ఇంటికొచ్చాక కూడా నాలుగు రోజులు ఆ ఆల్బమ్ పెట్టలేదు. నిజంగా భయమేసింది. ఏడు నెలలు నీ ఉత్తరాల్లో విన్నాను దాన్ని, అసలు పాట అంత బాగుండదేమోనని. నిన్న అమ్మే తన హెడ్‌ఫోన్లు తెచ్చి నా ముందు పెట్టి, "విను. ఒట్టు తీరిపోయింది," అని వంటింట్లోకి పోయింది.

నీ చెవి ఎంత మంచిదో నీకు తెలీదు. కుట్టుమిషన్ నిజంగా కుట్టుమిషనే, ఎవరో పాతది తెచ్చి రికార్డు చేశారు, ఎక్కుతున్న దారం చప్పుడు కూడా ఉంది. సియో నిజంగా చెవి దగ్గరే ఉన్నాడు. జేహా చేత రెండుసార్లు పాడించి ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు పెట్టారు, అందుకే నీకు అంత లావుగా వినపడింది. పల్లవికి ముందు ఆగినప్పుడు నేను కుర్చీ అంచు పట్టుకున్నాను, చదివి తెలిసి కూడా. ఎంత గొప్పగా చేశారు పిన్నీ!

తర్వాత ఆ చోటు వచ్చింది. అన్నీ తగ్గాయి.

అది ఖాళీ కాదు. టీవీలో మా అరుపులు, నీ దగ్గర డ్రయ్యర్లు, అందుకే నీకు వినపడలేదు. జాగా మొదట్లోనే ఒక ఊపిరి ఉంది. పాడబోయే ముందు మనిషి పీల్చే ఊపిరి. రికార్డింగువాళ్ళు మామూలుగా అలాంటివి కోసి పారేస్తారు. ఇక్కడ దాన్ని కొయ్యకుండా, అన్ని వాద్యాలూ తగ్గించి, మధ్యలో పెట్టారు. దాని తర్వాత ఏ పాటా లేదు. ఆ ఊపిరి ఎవరిదో నన్నెవరూ అడగనక్కర్లేదు. అది పట్టుకునే కదా నేను ఊపిరి పీల్చడం నేర్చుకున్నది. పాడలేనివాడు కూడా వచ్చి, తన చోట నిలబడి, ఊపిరి పీల్చి వెళ్ళాడు.

నేను ఆ గదిలో చేసింది కూడా అదే. అప్పటికి నాకీ సంగతి తెలీదు.

ఈసారి ఆ పాట పెట్టినప్పుడు ఆ చోట డ్రయ్యర్లన్నీ ఆపించు. అవ్వ తల నేను వచ్చి నిమురుతాను.

నేను అదే చోటు మళ్ళీ మళ్ళీ వేసుకుంటుంటే అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమీ లేనిచోట ఏం వింటున్నావే?" అంది. హెడ్‌ఫోన్లో ఒకవైపు అమ్మ చెవికి పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వింది.

"ఎవరో పాడబోతున్నట్టుందే," అంది.

నీ
నారిమ్